మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టాక బాబుకి టిక్స్ వచ్చాయి, మందు ఆపేయాలా?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. బాబుకి తొమ్మిదేళ్ళు. ఏడీహెచ్‌డీ (నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అని తేల్చి, దానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టారు. క్లాసులో కుదురుగా కూర్చుంటున్నాడని, నోట్సు పూర్తి చేస్తున్నాడని టీచర్ చెప్పారు. మూడో వారంలో కళ్ళు టపటపా ఆర్పడం మొదలైంది. ఆ తర్వాత గొంతు సవరించుకోవడం, ఈమధ్య కుడి భుజం ఎగరేయడం. ఇలా తన ప్రమేయం లేకుండా పదేపదే వచ్చే కదలికల్ని, శబ్దాల్ని టిక్స్ అంటారు. ఒక డాక్టర్ మందు ఆపమన్నారు, ఇంకొకరు కొనసాగించమన్నారు. దగ్గరి బంధువొకరు హాలోపెరిడాల్ అనే మందు వాడితే టిక్స్ మాయమవుతాయన్నారు. గొంతుకి దగ్గు సిరప్, అలర్జీ మాత్ర, కళ్ళకి చుక్కల మందు కూడా నడుస్తున్నాయి. టిక్స్ మందు వల్లే వచ్చాయా, ఆపితే పోతాయా, వాటికి విడిగా మందు వాడాలా, వాడితే జీవితాంతం వాడాలా అన్నవి మీ ప్రశ్నలు.

పిల్లల్లో టిక్స్, ఏడీహెచ్‌డీ చూడటం నా రోజువారీ పని. ముందు నా అభిప్రాయం చెప్పి, తర్వాత కారణాల్లోకి వెళ్తాను. ఆ టిక్స్‌కి మిథైల్‌ఫెనిడేట్ కారణమయ్యే అవకాశం మీరు భయపడుతున్నంత లేదు. హడావిడిగా ఆపాల్సిన పరిస్థితి మీరు రాసినదాంట్లో నాకు కనిపించలేదు. హాలోపెరిడాల్ ఆలోచన మాత్రం ఇప్పటికి పక్కన పెట్టండి.

ఇక కారణాలు. టిక్స్ సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య మొదలవుతాయి. కొందరిలో ఎనిమిది తొమ్మిదేళ్ళకి గానీ బయటపడవు, లేదా అంతకు ముందే వచ్చినా ఎవరూ పట్టించుకోరు. ఏడీహెచ్‌డీ లక్షణాలు చాలామందిలో టిక్స్ కంటే ముందే కనిపిస్తాయి. బడిలో ఫిర్యాదులు పెరిగి, పరీక్షలు చేయించి, మందు మొదలుపెట్టేసరికి పిల్లవాడికి ఏడో ఎనిమిదో తొమ్మిదో ఏడు వస్తుంది. అంటే మందు మొదలుపెట్టే వయసు, టిక్స్ బయటపడే వయసు దాదాపు ఒకటే. పైగా ఈ రెండు సమస్యలూ కలిసి తిరిగేవి. టూరెట్ సిండ్రోమ్ (ఏడాదికి పైగా రకరకాల టిక్స్ ఉండే సమస్య) ఉన్న పిల్లల్లో సగానికి పైగా మందికి ఏడీహెచ్‌డీ ఉంటుంది. ఈ లెక్కన మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే కొంతమంది పిల్లల్లో టిక్స్ కనిపించి తీరాలి, మందు వాటిని తెచ్చినా తేకపోయినా. మీ ఇంట్లో జరిగింది కాకతాళీయమని నేను కచ్చితంగా చెప్పలేను. కాకతాళీయంగా జరగడానికి కావలసిన పరిస్థితులన్నీ ఉన్నాయని మాత్రం చెప్పగలను.

ఈ అనుమానం మీకొక్కరికే వచ్చింది కాదు, డాక్టర్లకీ దశాబ్దాల పాటు ఉంది. 1982లో మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్ప్రేరక మందులు టూరెట్ సిండ్రోమ్‌ని బయటికి తెస్తున్నాయని కొందరు రోగుల వివరాలతో ఒక వ్యాసం వచ్చింది. వాదన కూడా గట్టిగానే ఉండింది. మెదడు లోపలి భాగంలో స్ట్రయేటం అనే చోట డోపమైన్ అనే రసాయనం చేసే పనికీ టిక్స్‌కీ సంబంధం ఉంది. డోపమైన్‌ని అడ్డుకునే మందులు టిక్స్‌ని తగ్గిస్తాయి. మిథైల్‌ఫెనిడేట్ అదే డోపమైన్‌ని పెంచుతుంది, కాబట్టి టిక్స్ పెరగాలి. కాగితం మీద ఎక్కడా తప్పు పట్టలేం. అందుకే మందు డబ్బాలోని కరపత్రంలో టిక్స్ ఉన్నవాళ్ళు, ఇంట్లో టూరెట్ ఉన్నవాళ్ళు దీన్ని వాడకూడదని చాలా ఏళ్ళు రాసి ఉండేది. ఇప్పటికీ మోటార్ టిక్స్ (కదలికలు), వోకల్ టిక్స్ (శబ్దాలు) గురించిన హెచ్చరిక అందులో ఉంటుంది. మందు ఆపమన్న డాక్టర్ ఏదో నోటికొచ్చింది చెప్పారని అనుకోకండి, ఆయన జాగ్రత్తకి ఆధారం ఉంది.

తర్వాత ఆ వాదనని పరీక్షకి పెట్టారు. టిక్స్, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్న 136 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. కొందరికి మిథైల్‌ఫెనిడేట్, కొందరికి క్లోనిడిన్, కొందరికి రెండూ, కొందరికి మందేమీ లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇంట్లోవాళ్ళకీ తెలియదు, చూసే డాక్టర్లకీ తెలియదు. టిక్స్ పెరిగాయని చెప్పినవాళ్ళు మిథైల్‌ఫెనిడేట్ వర్గంలో 20 శాతం. ఉత్తుత్తి మాత్రల వర్గంలో 22 శాతం. టిక్స్ తగ్గించడానికే వాడే క్లోనిడిన్ వర్గంలో 26 శాతం! ఈ మూడో అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. టిక్స్‌కి ఇచ్చే మందు వేసుకుంటూ కూడా నలుగురిలో ఒకరు పెరిగాయన్నారు. మందు చెడ్డదై కాదు. ఏ మందూ లేకపోయినా ఆ కొన్ని వారాల్లో కొందరిలో టిక్స్ ఎలాగూ పెరుగుతాయి, వాటి స్వభావమే అంత. 2015లో ఇలాంటి 22 అధ్యయనాలని, మొత్తం 2385 మంది పిల్లల వివరాలని కలిపి చూశారు. కొత్తగా టిక్స్ వచ్చినవాళ్ళు, ఉన్నవి పెరిగినవాళ్ళు కలిపి ఉత్ప్రేరక మందులు వాడినవాళ్ళలో 5.7 శాతం, ఉత్తుత్తి మాత్రలు వాడినవాళ్ళలో 6.5 శాతం.

సగటులో ఒక్కో పిల్లవాడి కథ దాక్కుంటుంది, నిజమే. మిథైల్‌ఫెనిడేట్ వేసినప్పుడల్లా టిక్స్ పెరిగి, ఆపితే తగ్గే పిల్లలు ఉన్నారు. తక్కువమందే గానీ ఉన్నారు. డెక్స్‌ట్రోఆంఫెటమైన్ అనే ఇంకో ఉత్ప్రేరక మందు పెద్ద మోతాదుల్లో టిక్స్‌ని పెంచుతుందనడానికి మిథైల్‌ఫెనిడేట్ కంటే కాస్త ఎక్కువ ఆధారమే ఉంది. కాబట్టి మీ బాబు ఆ కొద్దిమందిలో ఒకడా కాదా అన్నది తేల్చాలి. తేల్చుకునే దారి ఉంది, ఓపికగా రాసుకోవాలంతే.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రోజూ ఒకే సమయంలో, ఒకే పరిస్థితిలో, అంటే హోంవర్క్ చేస్తున్నప్పుడనుకోండి, పది నిమిషాలు గమనించి కళ్ళార్పడం ఎన్ని, గొంతు సవరింపు ఎన్ని, భుజం ఎన్నిసార్లు ఎగిరింది అని విడివిడిగా రాయండి. మందు ఎన్ని గంటలకి వేశారో పక్కన రాయండి. నిద్ర ఎలా పట్టింది, పరీక్షలు గానీ జ్వరం గానీ ఉన్నాయా అన్నది కూడా ఒక్క ముక్కలో. ఇదంతా బాబుకి తెలియకుండా జరగాలి. ‘మళ్ళీ చేస్తున్నావు’ అన్న ఒక్క మాటతో టిక్స్ పెరుగుతాయి, లెక్క పాడవుతుంది. మందు వేస్తూ రెండు వారాలు ఇలా రాశాక మీ డాక్టర్‌తో మాట్లాడి ఒకటి రెండు వారాలు మందు ఆపి రాయవచ్చు, తర్వాత మళ్ళీ మొదలుపెట్టి రాయవచ్చు. మామూలు మోతాదులో వాడే మిథైల్‌ఫెనిడేట్‌ని ఇలా విరామం ఇచ్చి చూడటంలో పెద్ద ఇబ్బంది ఉండదు. ఆపినప్పుడు తగ్గి, మళ్ళీ మొదలుపెట్టగానే పెరిగితే, అదీ రెండుసార్లు అలాగే జరిగితే, మందు మీద అనుమానం బలపడుతుంది. ఒక్కసారి ఆపగానే తగ్గాయంటే ఏమీ తేలనట్టే, ఆ వారం అవి ఎలాగూ తగ్గేవేమో.

ఈ లెక్కలో తల్లిదండ్రులు తరచూ తికమకపడే చోటు ఒకటుంది. మామూలు మిథైల్‌ఫెనిడేట్ మాత్ర మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది, నెమ్మదిగా విడుదలయ్యేది ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. బాబు బడి నుంచి ఇంటికొచ్చాక టిక్స్ ఎక్కువగా కనిపిస్తే ‘మందు దిగిపోతున్నప్పుడు వస్తున్నాయి’ అనుకుంటారు. కావచ్చు కూడా. మందు ముఖం ఎరగని పిల్లల్లోనూ ఇదే కనిపిస్తుంది మరి. నలుగురిలో ఉన్నంతసేపూ బిగబట్టుకుని, ఇల్లు చేరాక వదిలేస్తారు. సెలవు రోజున, బడి లేనప్పుడు, అదే మందు వేసిన సాయంత్రం ఎలా ఉందో చూస్తే ఈ రెండింటిలో ఏదో తెలుస్తుంది. అలాగే మందు వల్ల నోరు ఎండిపోయి పెదాలు నాకడం, గోళ్ళు కొరకడం, చర్మం గిల్లుకోవడం లాంటివి కొందరిలో మొదలవుతాయి. చూడటానికి టిక్స్‌లా ఉన్నా అవి వేరు. మోతాదు తగ్గిస్తే తగ్గుతాయి. వాటిని టిక్స్ పద్దులో రాయకండి.

రెండో ప్రశ్న, ఆపితే పోతాయా? మందు కారణం కాకపోతే ఆపినా పోవు. చదువులో వచ్చిన కుదురు మాత్రం పోతుంది. ఇక్కడ ఇంకో మాట ముందే చెప్పడం మంచిది. టిక్స్ సాధారణంగా పది నుంచి పన్నెండేళ్ళ మధ్య తారస్థాయికి చేరతాయి, ఆ తర్వాత టీనేజ్ గడిచేకొద్దీ ఎక్కువమందిలో బాగా తగ్గుతాయి. మీ బాబుకిప్పుడు తొమ్మిది. ఏ మందు వేసినా, వేయకపోయినా వచ్చే రెండు మూడేళ్ళలో కొన్నిసార్లు ఇప్పటికంటే ఎక్కువ కావచ్చు. కళ్ళు మానేసి ముక్కు, ముక్కు మానేసి మెడ, ఇలా రూపం మారవచ్చు. ప్రతి మార్పుకీ ఆ వారం తెచ్చిన మాత్రనో, మానేసిన మాత్రనో కారణంగా పట్టుకుంటే ఇంట్లో మందుల పెట్టె నిండుతుంది గానీ టిక్స్ సంగతి తేలదు. టూరెట్ అనే పేరు కూడా ఇప్పుడే తగిలించరు. ఒకటి కంటే ఎక్కువ మోటార్ టిక్స్, కనీసం ఒక వోకల్ టిక్, మొదలై ఏడాది దాటడం, పద్దెనిమిదేళ్ళ లోపు మొదలవడం, ఇవన్నీ ఉంటేనే ఆ పేరు. బూతులు మాట్లాడటమే టూరెట్ అని సినిమాలు చూసి భయపడకండి. అది ఉండేది కొద్దిమందిలోనే.

మందుని నిందించడంలో జరిగే పొరపాటే మందుని మెచ్చుకోవడంలోనూ జరుగుతుంది. టిక్స్ భరించలేనంత ఎక్కువైన వారంలోనే ఎవరైనా డాక్టర్ దగ్గరికి పరిగెడతారు. శిఖరం మీద ఉన్నప్పుడు ఏది మొదలుపెట్టినా, తర్వాత దిగడమే ఉంటుంది. ఆ పేరు ఆ మందుకి దక్కుతుంది. విటమిన్ మాత్రలకీ, మెగ్నీషియంకీ, ఆకు పసర్లకీ, అప్పుడప్పుడు మా చీటీలకీ వచ్చిన మంచి పేరులో సగం ఇలా వచ్చిందే. డ్యూటెట్రాబెనజైన్ అనే మందు సంగతి చూడండి. అది డోపమైన్ విడుదలని తగ్గిస్తుంది, హంటింగ్టన్ అనే మెదడు వ్యాధిలో వచ్చే కదలికలకి బాగా పనిచేస్తుంది. టిక్స్‌కీ పనిచేయాలి కదా అని టూరెట్ పిల్లల మీద పెద్ద పరీక్షలు చేశారు. ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగని తేలలేదు. ఇక్కడా కాగితం మీది తర్కం బాగానే ఉంది.

మూడో ప్రశ్న టిక్స్‌కి మందు గురించి. దీనికి జవాబు టిక్స్ ఎన్ని ఉన్నాయన్నదాని మీద ఉండదు. అవి బాబుని ఏం చేస్తున్నాయన్నదాని మీద ఉంటుంది. భుజం నొప్పి పుడుతోందా? కళ్ళార్పడం వల్ల చదివే లైను తప్పిపోతోందా? నిద్ర పట్టడం ఆలస్యమవుతోందా? తోటి పిల్లలు వెక్కిరిస్తే బడికి వెళ్ళనంటున్నాడా? వీటికి అవునంటే చికిత్స కావాలి. చుట్టాలకి చూడటానికి ఇబ్బందిగా ఉంది, మీ మనసు ఊరుకోవడం లేదు అన్నవి చికిత్సకి కారణాలు కావు. కొంచెం కటువుగా ఉందేమో, కానీ మందు వల్ల వచ్చే నిద్రమత్తు, బరువు పెరగడం భరించాల్సింది బాబే కదా.

చికిత్స కావాలనుకున్నా మొదట అడగాల్సింది ప్రవర్తనా శిక్షణ. దీన్ని సీబిట్ అంటారు. టిక్ రావడానికి ముందు ఆ చోట ఒకరకమైన ఒత్తిడి, దురదలాంటి భావన వస్తుంది, తుమ్ము వచ్చేముందు ముక్కులో తెలిసినట్టు. ఎనిమిది తొమ్మిదేళ్ళు వచ్చాక చాలామంది పిల్లలు దీన్ని చెప్పగలరు. ఆ భావన రాగానే టిక్‌కి అడ్డుపడే ఇంకో పని చేయడం నేర్పుతారు. భుజం ఎగరేసే టిక్‌కి మోచేతిని పక్కటెముకలకి ఆనించి, భుజాన్ని మెల్లగా కిందికి అదిమి, ఆ భావన పోయేదాకా లేదా ఒక నిమిషం అలాగే ఉంచుతారు. గొంతు సవరింపుకి పెదాలు మూసి, ముక్కుతో నెమ్మదిగా, లయగా ఊపిరి తీసి వదలడం. పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా తెలియదు. 2010లో 126 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో పది వారాల్లో ఎనిమిది సెషన్లతో ఈ శిక్షణ తీసుకున్నవాళ్ళలో 52.5 శాతం మంది స్పష్టంగా మెరుగయ్యారు. మామూలు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో 18.5 శాతం. ‘అణచుకుంటే తర్వాత రెట్టింపు బయటికొస్తాయి’ అని చాలామంది భయపెడతారు. గమనించి చూసిన అధ్యయనాల్లో అలా జరగలేదు. దగ్గరలో నేర్పేవాళ్ళు దొరకకపోతే వీడియో కాల్ ద్వారా నేర్పినా పనిచేస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడు ఈ సాధన చేయాలంటే కాస్త నిలకడ కావాలి. అందుకు కూడా మిథైల్‌ఫెనిడేట్ ఉండటం మేలేనని నా అభిప్రాయం.

మందే కావాలంటే, ఏడీహెచ్‌డీ కూడా ఉన్న పిల్లల్లో నేను మొదట ఆలోచించేవి క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్. అసలు ఇవి రక్తపోటు మందులు. టిక్స్‌ని ఒక మాదిరిగా తగ్గిస్తాయి, ఏడీహెచ్‌డీకీ కొంత ఉపయోగపడతాయి. ఇందాక చెప్పిన 2002 అధ్యయనంలో అందరికంటే బాగున్నది మిథైల్‌ఫెనిడేట్, క్లోనిడిన్ కలిపి వాడినవాళ్ళే. క్లోనిడిన్‌ని చాలా చిన్న మోతాదుతో, సాధారణంగా రాత్రిపూట మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదటి రోజుల్లో మత్తుగా ఉంటుంది, నోరు ఎండుతుంది, బీపీ, నాడి తగ్గవచ్చు, అందుకే వాటిని చూస్తుండాలి. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: క్లోనిడిన్‌ని ఉన్నట్టుండి ఆపకూడదు. ఊరెళ్ళినప్పుడు మాత్రలు మర్చిపోవడం, ‘తగ్గింది కదా’ అని మానేయడం ప్రమాదం, బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. మిథైల్‌ఫెనిడేట్ నిజంగానే పడటం లేదని తేలితే ఏడీహెచ్‌డీకే వాడే ఆటమోక్సెటిన్ ఇంకో దారి. అది టిక్స్‌ని పెంచదు.

ఇక మీ బంధువు చెప్పిన హాలోపెరిడాల్. డోపమైన్‌ని అడ్డుకునే మందుల్లో అదొకటి. అది పనిచేయదని కాదు, పనిచేస్తుంది. 1961 నుంచే టూరెట్‌లో దాని ప్రభావం గురించి రాశారు. అంతకు ముందు టిక్స్‌ని మనసులోని ఘర్షణగా చూసి ఏళ్ళ తరబడి మాటలతోనే వైద్యం చేసేవాళ్ళు. మాత్రతో తగ్గడం చూశాకే ఇది మెదడుకి సంబంధించిన వ్యవహారమన్న నమ్మకం బలపడింది. ఆ మేరకి చరిత్రలో దానికి గొప్ప స్థానం ఉంది. కానీ తేలికపాటి టిక్స్ ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లవాడికి దాన్ని మొదటి మందుగా నేను రాయను.

ఎందుకో ఒక దృశ్యం చెబితే తెలుస్తుంది. మందు మొదలుపెట్టిన మొదటి కొన్ని రోజుల్లో, ఒక సాయంత్రం, పిల్లవాడి మెడ ఒక పక్కకి తిరిగి అలాగే బిగుసుకుపోతుంది. కనుగుడ్లు పైకి వెళ్ళిపోతాయి, కిందికి దించమంటే దించలేడు. దవడ బిగుస్తుంది, నాలుక బయటికొస్తుంది, మాట ముద్దగా వస్తుంది. తెలివి మాత్రం పూర్తిగా ఉంటుంది, భయంతో ఏడుస్తుంటాడు. దీన్ని అక్యూట్ డిస్టోనియా అంటారు. చూసినవాళ్ళు ఫిట్స్ అనుకుంటారు. ఇంకొందరు టిక్స్ ముదిరాయనుకుని ఇంకో అర మాత్ర వేస్తారు, అది అన్నింటికంటే ఘోరం. ఆస్పత్రికి తీసుకెళ్తే దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, సాధారణంగా నిమిషాల్లో సర్దుకుంటుంది. కాకపోతే వేసుకుంటున్న మందు పేరు డాక్టర్‌కి చెప్పడం మర్చిపోకూడదు. వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్‌తో కూడా పిల్లల్లో అచ్చం ఇలాగే జరుగుతుంది.

ఇంకోటి అకథీసియా. కూర్చోలేడు, నిలబడలేడు, కాళ్ళు ఆడిస్తూ గదిలో అటూ ఇటూ తిరుగుతుంటాడు, లోపల ఏదో తోస్తున్నట్టుంది అంటాడు. ఏడీహెచ్‌డీ ఎక్కువైందని దీన్ని పొరబడటం చాలా తేలిక. ఎక్కువకాలం వాడితే నోరు, నాలుక అదేపనిగా కదిలే టార్డివ్ డిస్కినేషియా వచ్చే ప్రమాదం ఉంది. ఒక్కసారిగా ఆపితే కొత్త కదలికలు వచ్చి, టిక్స్ తిరగబెట్టాయని భ్రమ కలిగిస్తాయి.

ఈ తరగతిలోనే అరిపిప్రజోల్, రిస్పెరిడోన్ ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. అరిపిప్రజోల్‌కి అమెరికాలో 2014లో పిల్లల టూరెట్ కోసం అనుమతి వచ్చింది. గట్టి టిక్స్ ఉన్నవాళ్ళలో ఇవి బాగా పనిచేస్తాయి. ఆకలి, బరువు పెరుగుతాయి, కాబట్టి మొదలుపెట్టే రోజునే బరువు, నడుము కొలత, షుగర్, కొలెస్ట్రాల్ రాసిపెట్టుకుని ఆ తర్వాత క్రమం తప్పకుండా చూడాలి. రిస్పెరిడోన్ ప్రోలాక్టిన్ అనే హార్మోన్‌ని కూడా పెంచుతుంది. పిమోజైడ్ పాత మందు, గుండె లయ మీద ప్రభావం చూపుతుంది, ఈసీజీ లేకుండా మొదలుపెట్టకూడదు. అది వాడుతున్న పిల్లవాడికి జలుబో దగ్గో వచ్చిందని క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు, దిగులుకి వాడే సెర్ట్రాలిన్‌తో కలపడం కూడా నిషిద్ధం. మూర్ఛ మందు టోపిరమేట్ కొందరికి ఉపయోగపడుతుంది, కానీ మాటలు తడుముకునేలా, ఆలోచన మందగించేలా చేస్తుంది, బడి పిల్లలకి అది చిన్న విషయం కాదు. ఒకే చోట మొండిగా ఉండిపోయిన టిక్‌కి, ముఖ్యంగా మెడలో, కండరాన్ని సడలించే బోట్యులినం ఇంజెక్షన్ ఇస్తారు. మీకిప్పుడు ఇవేవీ అక్కర్లేదు.

మందులతో టిక్స్ పూర్తిగా పోతాయని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. మూడో వంతో, అదృష్టం బాగుంటే సగమో తగ్గితే మంచి ఫలితమే. జీవితాంతం వాడాలా అంటే, చాలామందికి అక్కర్లేదు. ఒడ్డెక్కాక, టిక్స్ నెమ్మదించిన నెలల్లో, మెల్లగా తగ్గించి చూస్తాం. బడి సెలవుల్లో ఆ పని చేయడం నాకిష్టం.

మీరు రాసిన చీటీలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మిథైల్‌ఫెనిడేట్ కాదు, గొంతుకి ఇస్తున్న అలర్జీ మాత్ర. దాని పేరు చూడండి. అందులో మాంటెలుకాస్ట్ ఉందా? ఉంటే అది ఎప్పుడు మొదలైందో కూడా నోటుబుక్కులో రాయండి. పిల్లల్లో చిరాకు, పీడకలలు, ప్రవర్తనలో మార్పులు తేగలదని 2020లో అమెరికాలో దాని మీద అత్యంత తీవ్రమైన స్థాయి హెచ్చరిక పెట్టారు. మందు బయటికొచ్చాక నమోదైన ఫిర్యాదుల జాబితాలో టిక్స్ కూడా ఉన్నాయి. అరుదే. కానీ అలర్జీ లేని పిల్లవాడికి, వోకల్ టిక్‌ని అలర్జీ అనుకుని, టిక్స్ తేగల మందు ఇవ్వడంలో అర్థం లేదు. జలుబు సిరప్‌ల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా ఉత్ప్రేరకమే, పైగా మిథైల్‌ఫెనిడేట్‌తో కలిస్తే గుండె దడ, బీపీ పెంచుతుంది. మూర్ఛకి వాడే లామోట్రిజిన్, కార్బమజెపైన్‌తో టిక్స్ వచ్చిన ఉదంతాలు కొన్ని ఉన్నాయి, మీకు సంబంధం లేకపోయినా చదివే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. ఒకసారి కళ్ళ డాక్టర్‌తో చూపు, ఈఎన్టీ డాక్టర్‌తో ముక్కు, గొంతు పరీక్ష చేయించండి. అక్కడేమీ లేదంటే సిరప్, మాత్ర, చుక్కలు మూడూ ఆపేయమని మీ డాక్టర్‌ని అడగండి. నిద్రలో గొంతు సవరింపు ఆగిపోతుంటే అది జలుబు కాదనడానికి ఒక గుర్తు.

కొన్ని సందర్భాల్లో మాత్రం నోటుబుక్కు నింపుతూ కూర్చోకూడదు. ఒక్కరోజులో ఒంటినిండా పెద్ద కదలికలు మొదలైతే, తెలివి తప్పితే, చేయీ కాలూ బలహీనపడితే, వచ్చిన మాటలు, నేర్చుకున్న పనులు పోతుంటే, మెడని బలంగా విదిలించే టిక్ వల్ల చేతుల్లో తిమ్మిరి వస్తుంటే వెంటనే చూపించాలి. చేతులు, ముఖం పద్ధతి లేకుండా మెలికలు తిరుగుతుంటే, వాటిని క్షణం సేపు కూడా ఆపుకోలేకపోతుంటే అది టిక్ కాకుండా కొరియా అనే వేరే కదలికల సమస్య కావచ్చు, దానికి పరీక్షలు వేరే ఉన్నాయి. టీనేజ్‌లో, అంతకు ముందు ఏ టిక్స్ లేని పిల్లకి ఉన్నట్టుండి మాటలు గట్టిగా అరవడం, చేతుల విసుర్లు మొదలైతే అది చాలాసార్లు ఫంక్షనల్ టిక్స్ అనే వేరే సమస్య, కరోనా కాలంలో ఇవి బాగా పెరిగాయి. వాటికి పై మందులు పనిచేయవు.

వచ్చే అపాయింట్‌మెంట్‌కి నోటుబుక్కుతో పాటు రెండు మూడు చిన్న వీడియోలు తీసుకెళ్ళండి, డాక్టర్ గదిలో చాలామంది పిల్లలకి ఒక్క టిక్ కూడా రాదు. మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టక ముందు తీసిన పుట్టినరోజు, బడి కార్యక్రమాల వీడియోలు ఇంట్లో ఉంటే ఈలోపు ఓసారి తిరిగి చూడండి. కళ్ళార్పడం గానీ ముక్కు ఎగబీల్చడం గానీ అందులోనే కనిపిస్తే ఆ వీడియో తేదీ ఇక్కడ రాయండి, మందు ఆపి చూడాలా వద్దా అన్నది మళ్ళీ మాట్లాడుకుందాం.